సత్తెమ్మ గారు కూర్చున్న పంక్తి

నా పాస్‌పోర్టులో ఒక ముద్ర ఉంది. ఫలానా ఫలానా దేశాలకు వెళ్ళవచ్చు, దక్షిణాఫ్రికాకు మాత్రం వెళ్ళకూడదు. చరిత్ర పాఠం చెప్పుకునే మనిషిని కనక ఆ ముద్ర చూసినప్పుడల్లా మన దేశం మీద నాకు గౌరవం కలిగేది. అంతకు మించి ఆ దేశం సంగతి నాకు పుస్తకాల్లో తెలిసిందే. అలాంటిది మొన్న శరదృతువులో, అమెరికాలో, ఆ దేశం వెళ్ళగొట్టిన ఒక పెద్దావిడతో అయిదు రోజులు ఒకే కారులో తిరిగాను. ఇల్లినాయ్ నుంచి వాషింగ్టన్ దాకా.

జలపాతాలు, ఆకాశాన్నంటే మేడలు నేను రాయను. చూసొచ్చినవాళ్ళు చాలామంది రాశారు. నా ప్రయాణంలో తేలవలసిన సంగతి ఒక్కటే. ఆవిడ పదిమందితో కలిసి కూర్చుని అన్నం తింటారా, తినరా? ఇదీ ఒక సంగతేనా అని నవ్వేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. మొదటిరోజు నేనూ అంతకంటే తెలివిగా ఏమీ ఆలోచించలేదు.

ఆవిడ అసలు పేరు రాయడం లేదు. ఆ దేశంలో ఆవిడ మాట అచ్చులో కనబడితే వేసినవాళ్ళకి శిక్ష. ఆవిడవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఇక్కడ సత్తెమ్మ గారు అంటాను. ఆ పేరు ఆవిడ ఇచ్చిందే, ఎందుకిచ్చారో తరవాత చెబుతాను.

అరోరా: వేరే పెట్టిన కంచం

షికాగో దగ్గర అరోరాలో మా పిన్ని కూతురు భారతి ఉంటుంది. కాలేజీకి సెలవు పెట్టి, విజయనగరం నుంచి రెండు నెలలు ఉందామని వెళ్ళాను. వాళ్ళ పక్కింట్లో డోరతీ అని రిటైరైన స్కూలు టీచరమ్మ. తెల్లావిడ, డెబ్భయ్యేళ్ళు, నాలుగు రోజులకోసారి మాకు ఆపిల్ పై తెచ్చి ఇస్తూండేది. ఒకరోజు పై బదులు ప్రశ్న తెచ్చింది. "మీకు తెలుగు చదవడం వచ్చా?"

"నాకు బాగా వచ్చింది అదొక్కటే" అన్నాను.

విషయమేమిటంటే, వాళ్ళ చర్చిలో వర్ణవివక్షకు వ్యతిరేకంగా ఒక కమిటీ ఉంది. ఆ కమిటీ దక్షిణాఫ్రికా నుంచి వచ్చేసిన ఒక నాయకురాలిని నాలుగైదు ఊళ్ళలో మాట్లాడడానికి పిలిచింది. ఆవిడ తాత మా విశాఖపట్నం వైపునుంచే ఓడెక్కి నటాల్‌లో చెరుకు నరకడానికి వెళ్ళాడట. ఆవిడకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. వాళ్ళమ్మకి తెలుగు తప్ప మరొకటి రాయడం రాదు. ఆ తల్లి రాసిన ఉత్తరం ఒకటి చేతులు మారి మారి చేరింది. చదివిపెట్టే మనిషి కావాలి, వీలుంటే వెంట రావాలి. నేను ఎగిరి గంతేశాను.

భారతి నాకంటే ఎక్కువ గంతేసింది. "అక్కా, మన తెలుగావిడ, అందులోనూ లీడర్. ఇంటికొస్తుంటే నలుగుర్నీ పిలవకపోతే బాగుంటుందా? అందరికీ ఫోన్ చేసేశాను. పాట్‌లక్ పెట్టేద్దాం, తలో వంటా తెస్తారు" అంది. నలుగురు కాదు, ఇరవై రెండు కుటుంబాలు. శనివారం సాయంత్రానికి వీధి పొడుగునా కార్లు, బేస్‌మెంట్ బల్లమీద వెండి కాగితం కప్పిన పళ్ళేలు. గుత్తివంకాయ, చింతపండు పులిహోర, గారెలు, ఎవరో పిల్లల కోసం తెచ్చిన పిజ్జా.

సత్తెమ్మ గారికి అరవై ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, నేత చీర మీద మగవాళ్ళ ఊలు కోటు, కాళ్ళకి తెల్ల బూట్లు. గుమ్మంలో భారతిని చూసి "మీది ఏ ఊరమ్మా?" అని అడిగారు. ఆ గొంతు విని నేను తెల్లబోయాను. అది మా నాయనమ్మ యాస. మా ఊళ్ళో కూడా ఇప్పుడు అలా మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు.

ఇంతలో భారతి భర్త వచ్చి నమస్కారం పెట్టాడు. ఆవిడ నవ్వి, రెండడుగులు వెనక్కి వేశారు. వెనకాల ఇంకో నలుగురు వచ్చారు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయి సింకు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఒకరు వెళ్ళి పలకరిస్తే చక్కగా మాట్లాడుతున్నారు. రెండోవాళ్ళు వచ్చేసరికి మాట ఆపి గిన్నెలు కడగడం మొదలుపెడుతున్నారు. భోజనానికి రమ్మంటే "మీరు తినండి, నాను నిలబడి తింటాను" అన్నారు.

కింద గుసగుసలు మొదలయ్యాయి. "మన చేతి వంట తినరా ఏం? ఏ కులమో!" అని ఒక డాక్టరు గారి భార్య నొచ్చుకుంది. "సౌతాఫ్రికాలో కూడా అంత మడి మెయింటెయిన్ చేస్తున్నారంటే, వావ్!" అని ఇంకొకరు మురిసిపోయారు. ఇక్కడే నేను ఊరుకోవలసింది. ఊరుకోకుండా ఉపన్యాసం ఇచ్చాను. వందేళ్ళ కిందట దేశం విడిచి వెళ్ళినవాళ్ళలో పాత ఆచారాలు చెక్కుచెదరకుండా ఉండిపోతాయని, ఆవిడది మడి అని, మనం గౌరవించాలని. అందరూ ఒప్పుకున్నారు. భారతి అల్మరాలోంచి కొత్త స్టీలు కంచం, కొత్త గ్లాసు తీసి, ఎవరూ ముట్టుకోకుండా కొంచెం కొంచెం వడ్డించి, బట్టలుతికే గదిలో స్టూలు మీద పెట్టింది. నేను వెళ్ళి ఆవిడని పిలుచుకొచ్చాను.

ఆవిడ ఆ కంచాన్ని, పక్కనున్న గ్లాసును చాలాసేపు చూశారు.

"ఇదేటమ్మా? నాకేటైనా రోగమా?"

నేను మడి సంగతి నసిగాను.

"మాయయ్య తెల్లోల్ల తోటలో పన్జేసినప్పుడు ఆల్లు ఇలగే ఏరే పల్లెం ఎట్టీవోరు" అన్నారు, కోపం లేకుండా. "ఇక్కడ మీరెట్టినారు."

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడావిడ తలుపు చేరవేసి నాకు చెప్పారు. వాళ్ళ ప్రభుత్వానికి నచ్చని మనిషి మీద నిషేధం పెడతారు. జైల్లో పెట్టరు, ఇంట్లోనే ఉండవచ్చు. కానీ ఒకసారికి ఒక్క మనిషితోనే ఉండాలి.

"ఇద్దరుంటే మాట. మూడో మడిసొస్తే సభ. సభ జరిగితే జైలు. మాయమ్మ, మా తమ్ముడు, నాను ఒక్కసారి కూకుని గంజి తాగినా అది సభే. ఏడేళ్ళు అలగున్నాను. తరవాత ఎల్లిపొమ్మన్నారు, ఎల్లిపోతే మల్లీ రాకూడదన్నారు. వొచ్చీసి తొమ్మిదేళ్ళయినాది. సట్టం అక్కడే ఉండిపోనాది. ఒల్లు మాత్రం ఇంకా దాని మాటే ఇంటన్నాది."

నేను కిందకి వెళ్ళి అందరి ముందూ నా ఉపన్యాసం వెనక్కి తీసుకున్నాను. ఆ తరవాత ఒక్కో కుటుంబంలోంచి ఒక్కొక్కరుగా ఆ గదిలోకి వెళ్ళారు. ఉతికే మిషను మీద ఒక చెయ్యి ఆనించి నిలబడి ఆవిడ ఒక్కొక్కరితోనూ మాట్లాడారు. డాక్టరు గారి భార్య కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, తన గుత్తివంకాయ గిన్నె తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది.

ఇండియానా: గోడవైపు కూర్చునే హోటలు

ఆదివారం పొద్దున్న బయలుదేరాం. డోరతీ కారు నడుపుతోంది, సత్తెమ్మ గారు వెనక, నేను ఆవిడ పక్కన. యాభై మైళ్ళు ఎవరమూ నోరు విప్పలేదు. అప్పటికి నాకు లెక్క అర్థమయింది. ముగ్గురం. డోరతీ కూడా గ్రహించింది కాబోలు, "డ్రైవరు లెక్కలోకి రాదు. నేను రేడియో వింటున్నాను" అని పాటలు పెట్టుకుంది. సత్తెమ్మ గారు నవ్వారు. అప్పటినుంచి వెనక సీట్లో మాటలు సాగాయి.

మధ్యాహ్నం రోడ్డు పక్కన చిన్న హోటల్లో ఆగాం. అక్కడ పొడుగాటి బల్లకి ఒకవైపే ఎత్తు స్టూళ్ళుంటాయి. అందరూ వంటవాడికేసి, గోడకేసి చూస్తూ తినాలి. ఆవిడ సంతోషంగా ఎక్కి కూర్చున్నారు. "ఇక్కడ మడిసి మొకం మడిసి సూడక్కర్నేదు. ఇది సభ గాదు" అన్నారు. కాఫీ అర డాలరు. తాగినకొద్దీ పోస్తూనే ఉంటారు, పైన పైసా అడగరు. రుచి మాత్రం మన కుండ కడిగిన నీళ్ళే. వడ్డించే అమ్మాయి నన్ను "హనీ" అంది. మా కాలేజీలో ప్రిన్సిపాలు కూడా నన్ను గారు లేకుండా పిలవడు.

ఆ స్టూలు మీదే సత్తెమ్మ గారు తన కథ చెప్పారు. ఆవిడకి పన్నెండేళ్ళప్పుడు, ఏటి ఒడ్డున వాళ్ళ నాన్న కూరగాయలు పండించే చెక్క తెల్లవాళ్ళకి కావలసొచ్చింది. లారీ వచ్చింది. తల్లి మిగిలిన సామానంతా వదిలేసి రుబ్బురోలు ఎత్తించింది. కొత్తగా ఇచ్చిన రెండు గదుల ఇంట్లో దాన్ని పెట్టడానికి చోటు లేక వీధిలోనే ఉంచారట. పదహారేళ్ళకి ఆవిడ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిలో చేరారు. నల్లవాళ్ళ ఆడవాళ్ళు, మనవాళ్ళు, రోజంతా వేణ్ణీళ్ళలో నిలబడేవాళ్ళు. జీతాలు మాత్రం ఒంటి రంగును బట్టి. ఒకరోజు నీళ్ళలోంచి అందరూ ఒకేసారి బయటికొచ్చేశారు.

"నానేటీ సెయ్యనేదు. ముందు కాలు బైటెట్టినాను, అంతే. అప్పుట్నుంచి నన్ను నాయకురాలన్నారు."

తరవాత రెండుసార్లు జైలు. వేలమంది ముందు మాట్లాడడం. ఆ పైన నిషేధం.

"పెళ్ళి చేసుకోలేదా అప్పా?" అని అడిగాను. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్పటికే ఆవిడని అలా పిలవడం మొదలుపెట్టాను.

"ఒక్క మడిసితోనే ఉండమన్నారు గదా, పెళ్ళాడీసుంటే సరిపోను" అని నవ్వి, నవ్వు ఆపేశారు. "నిసేదం ఎట్టిన ఏడే మా తమ్ముడి పెళ్ళి అయినాది. వాకిట్లో పందిరి. పంక్తులు పంక్తులుగా కూకుని తింటన్నారు. నాను వంటింటి కిటికీలోంచి సూస్తన్నాను. ఎదురుగా పోలీసు బండి. నాను బైటికొస్తానేమోనని లెక్కెట్టుకుంటన్నాడు. అందరూ తినీసినాక మాయమ్మ నాకు ఆకేసి, పక్కన నిలబడింది. కూకోవేటమ్మా అంటే, నువ్వు పదిమందిలో కూకుని తిన్నప్పుడు నానూ కూకుంటాను, అప్పుటిదాకా నిలబడే తింటాను అన్నాది."

కోటు లోపలి జేబులోంచి ఉత్తరం తీసి ఇచ్చారు. రూళ్ళ కాగితం. భజన మందిరంలో ఆదివారాలు నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు, పలికింది పలికినట్టు రాసింది. మెల్లగా చదివాను. ఇంటి కబుర్లు, తమ్ముడి మోకాలి నొప్పి, ఎవరో పోయిన సంగతి. చివర ఇలా ఉంది: "మీ పెదనాయన మనవడి పెల్లయినాది. అందరూ నన్ను కూకోమన్నారు. నాను కూకోనేదు. కాల్లు పొంగతన్నాయి గాని పరవానేదు. నువ్వు కూకున్నావని కబురు రానీ."

ఎనభై దాటిన మనిషి. పదహారేళ్ళుగా నిలబడి తింటోంది.

"మర్సిపోయుంటాదనుకున్నాను" అన్నారు సత్తెమ్మ గారు. కప్పు నిండా కాఫీ అలాగే ఉండిపోయింది.

నేను ఆలోచించి, "కూర్చున్నానని రాసేద్దాం అప్పా. పెద్దావిడ కష్టం తీరుతుంది" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగారు. "పోలీసోల్లకి సానా అబద్దాలు సెప్పినాను. మాయమ్మకి సెప్పనేదు."

ఒహాయో: చర్చి కింది హాలు

సోమవారం నల్లవాళ్ళ చర్చిలో సభ. రెండు వందలమంది ఉంటారు. సత్తెమ్మ గారు వేదిక మీద నిలబడి అరగంట మాట్లాడారు. గొంతు ఎక్కడా వణకలేదు. ఇంతమంది ముందు లేని భయం నలుగురి మధ్య అన్నం దగ్గరెందుకని నాకు అనుమానం వచ్చి అడిగాను. "నిలబడి మాటాడితే ఎదురుతిరిగినట్టు. కూకుని తింటే ఇంట్లో ఉన్నట్టు. ఆల్లు నన్ను పట్టుకున్నది ఇంట్లోనే గదా" అన్నారు.

సభ అయ్యాక కింది హాల్లో విందు. వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె, చిలగడదుంప, ఆకుకూర. ఇక్కడ నాకొక దెబ్బ తగిలింది. ఒకావిడ రొట్టెల బుట్ట చాపి "తీసుకోండి" అంటే, మన అలవాటు చొప్పున "వద్దండీ" అన్నాను. మనింట్లో అయితే ఇంకో మూడుసార్లు అడిగి, వద్దంటున్నా వేస్తారు. ఇక్కడ వద్దంటే వద్దనే. బుట్ట ముందుకి సాగిపోయింది. ఆ పూట మొహమాటంతో పస్తున్నంత పని అయింది.

సత్తెమ్మ గారు మామూలుగా వంటింట్లో గిన్నెల దగ్గరకి చేరారు. ఆ వంటింటికి యజమానురాలు మిస్ ఎర్లీన్. లావుపాటి నల్లావిడ, నీలం టోపీ, ఎవరినీ గిన్నెలు ముట్టనివ్వదు. అతిథి గిన్నెలు తోమడమేమిటని గట్టిగా అడిగింది. నేను నిషేధం సంగతి, తల్లి సంగతి చెప్పాను. ఎర్లీన్ చేతులు తుడుచుకుని ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

దక్షిణాది రాష్ట్రంలో చదువుకునే రోజుల్లో ఆవిడా, స్నేహితులూ తెల్లవాళ్ళకి మాత్రమే వడ్డించే ఒక దుకాణంలో బల్ల దగ్గర కూర్చున్నారట. తల మీద పంచదార పాకం పోశారు. మెడ మీద సిగరెట్టు ఆర్పారు. లేవలేదు.

"లేవకుండా కూర్చోవడం మాకు పుట్టుకతో రాలేదు. చర్చిలో కుర్చీలు వేసుకుని నేర్చుకున్నాం. మాలోనే కొందరు తెల్లవాళ్ళలా నటించి తిట్టేవారు, కుర్చీ లాగేసేవారు. వారాల తరబడి రిహార్సలు చేశాం" అంది.

అంటూనే లేచి, వంటింట్లోనే ఒక బల్ల, రెండు కుర్చీలు వేసింది. ఒకదాంట్లో తను, రెండోదాంట్లో సత్తెమ్మ గారు. చెరో రొట్టె ముక్క. తిన్నారు. మూడో కుర్చీలో నన్ను కూర్చోమంది. సత్తెమ్మ గారు రొట్టె తుంచుతూ ఆగి, ఊపిరి పీల్చుకుని, ముద్ద మింగారు. నాలుగో కుర్చీలో డోరతీ కూర్చుంది. సత్తెమ్మ గారి కళ్ళు తలుపుకేసి వెళ్ళాయి, వెంటనే లేచిపోయారు.

"నాకు ఆరువారాలు పట్టింది" అంది ఎర్లీన్, కుర్చీలు సర్దుతూ. "మీరు ఒక్కపూటలో ముగ్గురి దాకా వచ్చారు."

బయలుదేరేటప్పుడు నా చేతిలో రొట్టెల పొట్లం ఒకటి పెట్టింది. నేను వద్దనలేదు.

పెన్సిల్వేనియా: పచ్చిక మీద గుడిసెలు

ఇప్పుడు అమెరికా కాలేజీల్లో విద్యార్థులు పచ్చిక మీద చెక్కముక్కలు, అట్టలు, రేకులు పెట్టి గుడిసెలు కట్టుకుంటున్నారు. దక్షిణాఫ్రికాలో వ్యాపారం చేసే కంపెనీల వాటాలు కాలేజీ అమ్మేయాలని వాళ్ళ పట్టు. ఆ దేశంలో నల్లవాళ్ళని ఇలాంటి గుడిసెల్లోనే ఉంచారని చూపించడం వాళ్ళ ఉద్దేశం. రాతి భవనాల మధ్య, కత్తిరించిన గడ్డి మీద ఆ మురికివాడ చూస్తే నాకు మొదట నవ్వొచ్చింది. మా కాలేజీలో సమ్మె అంటే అద్దాలు పగలడమే గాని కట్టడం ఎప్పుడూ లేదు.

బుధవారం మధ్యాహ్నం సత్తెమ్మ గారు అక్కడ మాట్లాడాలి. పొద్దుటినుంచీ వాన. పిల్లలు మూడు రోజులుగా చల్లటి పిజ్జా తింటున్నారని తెలిసి నాకు చెయ్యి ఊరుకోలేదు. భారతి దారికని ఇచ్చిన కరెంటు కుక్కరు, బియ్యం, వేరుసెనగలు, పోపు సామాను కారులో ఉన్నాయి. డోరతీ నిమ్మకాయలు కొనుక్కొచ్చింది. విద్యార్థుల భవనంలో ఆడవాళ్ళు చేతులు కడుక్కునే గది పక్కన ప్లగ్గు దొరికితే మూడు విడతలు అన్నం వండాను. మూడో విడతలో ఠప్పుమని అంతస్తంతా దీపాలు ఆరిపోయాయి. ఎవరో కరెంటు మనిషి వచ్చి, వాసన చూసి, ఏమీ అనకుండా బాగుచేసి వెళ్ళాడు.

పులిహోర పెద్ద ట్రేలో కలిపి తెచ్చేసరికి వాన జోరందుకుంది. పిల్లలు పదిమంది పెద్ద గుడిసెలోకి దూరారు. దాని కప్పు ఎంత పొట్టిదంటే లోపల నిలబడడానికి వీల్లేదు. సత్తెమ్మ గారు గుమ్మం దగ్గర తడుస్తూ నిలబడ్డారు. ఒక పిల్ల, జుట్టంతా నీళ్ళోడుతున్న పిల్ల, "లోపలికి రండి మేడమ్" అని చెయ్యి పట్టి లాగింది. లోపలికి వచ్చాక ఇక కూర్చోవడం తప్ప దారి లేదు. ఆవిడ గుమ్మం పక్కనే, ఒక కాలు బయటికి పెట్టుకుని, కూర్చున్నారు.

నేను ఎవరినీ అడగలేదు. రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చోబెట్టి, కాగితం పళ్ళేలు పరిచి, ఒంగి ఒంగి వడ్డించుకుంటూ వెళ్ళాను. డోరతీకి వేశాను. సత్తెమ్మ గారికీ వేశాను. వేస్తూ పిల్లలకి మా పద్ధతి చెప్పాను. దీన్ని పంక్తి అంటాం, ఆఖరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు, మధ్యలో లేస్తే మిగతావాళ్ళని అవమానించినట్టు. వాళ్ళు చాలా శ్రద్ధగా తలలూపారు.

సత్తెమ్మ గారు రెండు ముద్దలు తిన్నారు. అప్పుడు గుమ్మంలో నల్ల బూట్లు కనబడ్డాయి. కాలేజీ పోలీసు. టోపీ మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో చిన్న పుస్తకం. లోపలికి ఒంగి, వేలు చూపిస్తూ మమ్మల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పది, పదకొండు, పన్నెండు.

ఆవిడ చెయ్యి పళ్ళెం మీదే ఆగిపోయింది. ఎడమ అరచెయ్యి నేలకి ఆనించారు, లేవడానికి.

నా చేతిలో పులిహోర ట్రే. ఎలా వచ్చిందో తెలీదు, నా నోటినుంచి మా నాయనమ్మ గొంతు వచ్చింది. "అప్పా, పంక్తి మద్దిలో లెగకూడదు."

ఆవిడ నన్ను చూశారు. తరవాత వరసలో చివరున్న పిల్లని చూశారు. ఆ పిల్ల పళ్ళెంలో ఇంకా సగం ఉంది. పిల్లలెవరూ కదల్లేదు. వాళ్ళకి ఏమీ తెలీదు, లేవకూడదన్నానని కూర్చున్నారంతే.

సత్తెమ్మ గారు నేలమీదనుంచి చెయ్యి తీశారు. బయట ఉన్న కాలు లోపలికి లాక్కున్నారు. ముద్ద కలిపారు.

పోలీసు పుస్తకంలో అంకె రాసుకుని, "మీరు తినండి. మాట్లాడాలి, కానీ అయ్యాకే మాట్లాడదాం" అని బయట వానలో నిలబడ్డాడు. మేం తిన్నంతసేపూ నిలబడే ఉన్నాడు.

పళ్ళెం ఖాళీ చేసి సత్తెమ్మ గారు నా వైపు చాపారు. "మారు ఎయ్యి" అన్నారు. వేశాను. వేస్తుంటే నా కళ్ళలోంచి నీళ్ళు ఆగలేదు. ఏమయిందని ఆ జుట్టు తడిసిన పిల్ల అడిగితే మిరపకాయలన్నాను. ఆఖరి పిల్ల తినడం అయ్యేదాకా ఆవిడ లేవలేదు. అయ్యాక కూడా కాసేపు కూర్చున్నారు.

వాటాల సంగతి కాలేజీవాళ్ళు ఏం తేల్చారో నేను అమెరికాలో ఉన్నన్నాళ్ళూ తెలియలేదు.

వాషింగ్టన్: రోడ్డుకి ఇటువైపు

గురువారం ఆ దేశపు రాయబార కార్యాలయం ముందుకి వెళ్ళాం. రోజూ అక్కడ జనం చేరి గుండ్రంగా తిరుగుతూ పాడతారు, కొందరిని పోలీసులు పట్టుకుపోతారు. సత్తెమ్మ గారు రోడ్డుకి ఇటువైపే నిలబడి ఆ జెండాను, ఆ మెట్లను చూశారు.

"ఆ మెట్లెక్కితే మా దేశమే గదా. ఇరవై అడుగులుంటాది" అన్నారు.

నేను కాగితం, కలం తీసి, "అమ్మగారికి ఇప్పుడు రాద్దామా?" అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఈ తొమ్మిదేళ్ళలో ఆవిడ పంపిన ఉత్తరాలు ఒక్కటీ ఆ ఇంటికి చేరలేదు. దారిలోనే విప్పి ఆపేస్తారు.

"నువ్వు పేపర్లకి రాస్తావు గదా. నీ పేరు మీద రాయి. ఇంగిలీసులో రాయకు, తెలుగులో రాయి. ఆల్లకి సదవరాదు. మాయమ్మకొచ్చు."

"మీ పేరు?"

"మాయమ్మమ్మ పేరెట్టు. సత్తెమ్మ. మాయమ్మ పోలుసుకుంటాది."

ఆ సాయంత్రం డోరతీ, నేను, ఆవిడ ఒక బల్ల దగ్గర కూర్చుని సూప్ తాగాం. తలుపుకి వీపు పెట్టి కూర్చున్నది ఆవిడే.

విజయనగరం

తిరిగొచ్చి మూడు వారాలైంది. ఇంతవరకు రాసింది అమెరికా వెళ్ళని పాఠకుల కోసం. ఇక మిగిలిన నాలుగు మాటలు ఒక్కరి కోసం. ఈ పత్రిక ఆ ఇంటికి ఏ దారిన చేరుతుందో రాయను, చేరే దారి ఉంది. పెద్దావిడ కళ్ళు సరిగా కనబడకపోవచ్చు, ఈ కిందవి పెద్ద అక్షరాల్లో వేయమని సంపాదకులను అడిగాను. వ్యాకరణం దిద్దవద్దని కూడా అడిగాను.

అమ్మా, సత్తెమ్మ కూతురా, నీ ఉత్తరం అందింది. నానే సదివినాను. నీ పిల్ల కూకున్నాది. పన్నెండుమంది పంక్తిలో కింద కూకుని పులిహోర తిన్నాది. పోలీసోడొచ్చి లెక్కెట్టినా లెగనేదు. మారడిగి ఏయించుకున్నాది. నాను నా సేతుల్తో వొడ్డించినాను, నా కల్లతో సూసినాను.

ఇంక నువ్వు కూకో.